కొండలేని కాంపౌండులో పులి-మేక

రాజనర్సుకు కోపమెక్కువని మా సైటులో అందరూ అంటారు. ఎక్కువే. నాకూ అంతే ఉంది గానీ, నాది ఏసీ గదిలో కూర్చుని పళ్ళు నూరుకునే రకం. ఒకటో తారీఖు రాగానే చల్లారిపోతుంది. ఆయనది అలా చల్లారే కోపం కాదు కాబట్టే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

ఆయనది జగిత్యాల జిల్లా. క్రేను బిగించిన లారీ నడుపుతాడు. వయసు యాభై మూడు. ఇరవై రెండేళ్ళుగా ఖతార్‌లోనే ఉన్నాడు, మెసయీద్ క్యాంపులో అందరికంటే పాతకాపు. ఎంత బరువైన రాయినైనా పసిపిల్లను ఉయ్యాల్లో పడుకోబెట్టినట్టు దించుతాడు. ఇన్నేళ్ళలో ఒక్క వార్నింగ్ లెటర్ లేదు. ఆ సంగతి చెప్పుకోవడం ఆయనకు మహా ఇష్టం. క్యాంపుకు కొత్తగా ఎవరొచ్చినా మొదటి వారంలోనే అది వినాల్సిందే. నేను సత్యనారాయణమూర్తిని, కాకినాడవాణ్ణి, అదే కంపెనీలో కాగితాలు చూసే ఉద్యోగిని. సైటుకు ఏ రాయి వచ్చినా, ఎవరు ఏ ఫోటో తీసినా, ఎవరికి ఏ లెటర్ ఇచ్చినా నా ఫైళ్ళలోంచే పోవాలి. కాబట్టి ఆయన ఫైలు ఎంత శుభ్రమో నాకు తెలుసు.

మెసైమీర్ దాటాక కట్టిన ఒక విల్లాల కాంపౌండుకు మా కంపెనీ తోటపనీ రాతిపనీ చేసింది. అక్కడ నేల అప్పడాల పీటలా చదునుగా ఉంటుంది. ఆ చదును మీద ఇంగ్లాండు కొండ ఊరు దింపాలని యజమానికి బుద్ధి పుట్టింది. అందుకోసం ఆ దేశం నుంచే ఒక కన్సల్టెంటమ్మను పిలిపించారు. ఆమె పందొమ్మిది వీధులకు పందొమ్మిది ఇంగ్లీషు కొండ ఊళ్ళ పేర్లు పెట్టింది. వీధి వీధికీ ఒక బోర్డు. దాని మీద ఆ ఊరి చరిత్ర, ఆ పేరెలా వచ్చిందో ఆ ముచ్చట. ఆమె రాసి పంపితే తప్పులు దిద్ది, అచ్చుకు పంపే పని నాది.

దిద్దీ దిద్దీ, కంటితో చూడని ఊళ్ళ చరిత్ర నాకు కంఠతా వచ్చేసింది. నాకు బాగా నచ్చింది గేటు దగ్గరి మొదటి వీధి పేరు. బ్రీడన్ ఆన్ ది హిల్ అని ఒక ఊరుంది. అక్కడి తొలి జనం మాటలో 'బ్రీ' అంటే కొండ. తర్వాత వచ్చినవాళ్ళకు అది అర్థం కాక, తమ మాటలో కొండ అనే 'డన్' తగిలించారు. ఆ తర్వాతి వాళ్ళకు అదీ తెలియక 'కొండ మీద' అని ఇంకోటి చేర్చారు. ఒకే కొండకు మూడు కొండల పేరు. ఆ కొండలో చాలా భాగం రాతి క్వారీ తినేసిందట, మిగిలినదాని అంచున పాత చర్చి ఇంకా నిలబడి ఉందట.

ఒకరోజు చాయ్ దగ్గర ఈ కథ రాజనర్సుకు చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. ఆయన గ్లాసు కింద పెట్టేశాడు.

"వాళ్ళకు కొంచెం కొండన్న మిగిలింది సార్. మాకు ఒక్క గుట్టనే ఉండె. అది సుత పోయింది" అన్నాడు.

ఆయన ఊరు ఎర్రగుట్టపల్లి. పేరులో ఉన్న గుట్ట ఊరి పక్కనే ఉండేదట. తండ్రి దాని మీద మేకలు కాసేవాడు. పొద్దెక్కాక మేకలు నీడకు చేరితే, కాపర్లు బండ మీద కూర్చుని పులి-మేక ఆడేవాళ్ళు. బండలోకే ఉలితో చెక్కిన గీతలు, మూడు పులులకు మూడు రాళ్ళు, పదిహేను మేకలకు పదిహేను సీతాఫలం గింజలు. రాజనర్సు లెక్కపెట్టడం నేర్చుకుంది ఆ గింజలతోనే. తర్వాత గ్రానైట్‌వాళ్ళు వచ్చారు. ఇక్కడ నేను వాళ్ళనే తిట్టి ఊరుకుందును గానీ, రాజనర్సు నన్ను ఊరుకోనివ్వలేదు.

"మొదాలు డ్రిల్లు పట్టింది నేనే సార్. ఇంటర్ ఫెయిలయిన. ఊర్లె పని దొరికిందని ఉరికిన. మా నాయిన నాతోని ఆరు నెలలు మాట్లాడలే. గుట్ట మీది పెద్దమ్మను తెచ్చి రోడ్డు పక్కన కూసోబెట్టిన్రు. నేను గీడికొచ్చిన నాలుగేండ్లకు భూమవ్వ ఫోన్ చేసి చెప్పింది, దుబాయ్‌ల ఉన్నవ్ నీకేమెర్క, గిప్పుడు మనింట్ల నుంచి చూస్తే అవుతలి ఊరు కనవడుతుంది అని."

భూమవ్వ ఆయన భార్య. ఆమెకు ఖతారైనా దుబాయే. ఊరి పేరు మాత్రం బస్సు మీద ఇంకా ఎర్రగుట్టపల్లి అనే ఉంది. సెలవుకు వెళ్ళినప్పుడల్లా ఆ బోర్డు చూసి, ఆయన బస్సు దిగేదాకా ఎవరితోనూ మాట్లాడడట.

ఇక రాయి సంగతి. గేటు దగ్గర కాంపౌండు పేరు చెక్కడానికి మనిషెత్తు రాయి ఒకటి కావాలంది కన్సల్టెంటమ్మ. ముందువైపు నున్నగా ఉండాలి, వెనకవైపు మాత్రం కొండ మీద ఎలా ఉందో అలాగే, పైపొర ఉలి తగలకుండా ఉండాలి. పాతకాలపు అందం కోసమట. రాయి జనవరిలో ఓడ దిగింది. గోధుమరంగు గ్రానైట్. దాని కాగితాలు ఫైల్లో పెట్టింది నేనే. ఎక్కడి సరుకు అన్న చోట కరీంనగర్ అని ఉంది. నేను ఆ మాట చదివాను, ముద్ర వేశాను, తర్వాతి కాగితం తీశాను. ఇంగ్లాండు కొండల పేర్ల పుట్టుపూర్వోత్తరాలు చెప్పగలిగినవాణ్ణి, కళ్ళ ముందున్న ఆ మాట దగ్గర ఒక్క క్షణం ఆగలేదు. నా మీద నాకు మొదటి మంట అక్కడే.

పెట్టె విప్పి రాయిని ఇసుక మీద పడుకోబెట్టారు, వెనకవైపు పైకి. మధ్యాహ్నం రొట్టెలు తిన్నాక రాజనర్సు పైపు పట్టి దుమ్ము కడిగాడు. దుమ్ము పోయేసరికి గీతలు తేలాయి. ఒక త్రిభుజం, దాని అంచులు దాటుతూ అడ్డగీతలు, శిఖరం దగ్గర పులి కూర్చునే గుంట. అరిగి నున్నబడ్డ గీతలు. పక్కనే ఉన్న సురేందర్ చెప్పాడు, రాజనర్సు పైపు కట్టెయ్యడం కూడా మరిచిపోయి నిలబడ్డాడట. చెప్పులు నీళ్ళలో తడుస్తూనే ఉన్నాయట.

సురేందర్ కూడా అటువైపు కుర్రాడే, ముప్పై ఏళ్ళుంటాయి, లారీ మీద హెల్పరు. ఇద్దరూ నల్ల కంకర మూడు ముక్కలు, ఖర్జూరం గింజలు పదిహేను ఏరుకుని బ్రేకు అయ్యేదాకా ఆడారు. రాజనర్సు పులులు, సురేందర్ మేకలు. అందాకా ఏ గొడవా లేదు. సురేందర్ ఊరుకోక ఫోటో తీసి వాట్సాప్‌లో స్టేటస్ పెట్టాడు. 'మన గుట్ట ఖతార్‌కొచ్చింది' అని రాశాడు. సాయంత్రానికల్లా అది సైటు మేనేజర్ ఇక్రాముద్దీన్ ఫోన్‌లో ఉంది.

ఇక్రాముద్దీన్‌ది హైదరాబాదు. తెలుగు బాగానే వచ్చు, కోపమొస్తే హిందీలోకి జారతాడు. రాజనర్సును ఆఫీసుకు పిలిపించాడు. నేను అదే గదిలో ఉన్నాను.

"క్యా మియా, ఇన్నేళ్ళ మనిషివి, గిదేం పని? క్లయింట్ రాయి మీద కూసొని ఆటలా? ఆడితే ఆడినవ్, చెక్కుడెందుకు?"

"నేను చెక్కలే సాబ్. అది ముందే ఉన్నది. గీతలు చూడండ్రి, ఎట్ల అరిగినయో. గవి మా తాత పుట్టకముందువి."

"ఫోటోల నీ చెయ్యి ఉంది, నీ రాళ్ళున్నయి. క్లయింట్‌కు నేనేం చెప్పాలె? సంతకం పెట్టు. వార్నింగ్‌తోని పోతది. లేకుంటే వీసా క్యాన్సిల్, ఖలాస్."

కాగితం బల్ల మీద ఉంది. అరబీలో సగం, ఇంగ్లీషులో సగం. 'కంపెనీ రాయిని నేను కావాలని పాడుచేశాను' అని దాని సారాంశం. రాజనర్సు దాన్ని ముట్టుకోలేదు.

"చెయ్యని పనికి సంతకం పెట్టమంటే ఈ చెయ్యి లేవది సాబ్. పంపిస్తే పంపుండ్రి. దొంగ కాగితం మీద మాత్రం నా పేరు ఉండది."

ఇక్రాముద్దీన్ రెండు రోజుల గడువిచ్చాడు. అతనికీ పైనుంచి ఒత్తిడి ఉంది, కాదనను. కానీ ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. ఎందుకంటే తొమ్మిదో వీధి బోర్డు నేనే దిద్దాను. ఇంగ్లాండులో పాత చర్చిల రాళ్ళ మీద జనం ఆటగళ్ళు చెక్కుకునేవారని ఆ బోర్డులో నాలుగు వాక్యాలున్నాయి. ఒకదానిలో ఒకటి మూడు చదరాలు, వాటి మీద గుండ్లు జరుపుతూ ఆడేవారట. 'ఆ గుర్తులను నేటికీ అపురూపంగా కాపాడుకుంటున్నారు' అన్నది చివరి వాక్యం. అందులో ఒక అక్షరం తప్పుపోతే సరిచేసింది నేను. వాళ్ళ జనం గీస్తే అపురూపం, మన కాపరి గీస్తే డ్యామేజి. ఈ మాట సుబ్బలక్ష్మితో అంటే, "ఇంట్లో నా మీద అరిచే బదులు ఆ ముక్క ఆఫీసులో అనొచ్చుగా" అంది. మా ఆవిడకు నా కోపం విలువ బాగా తెలుసు.

పొద్దున్నే వెళ్ళి ఫోటోల ఫైలు తెరిచాను. రేవులో తనిఖీకి పెట్టె విప్పిన రోజు తీసినవి ముప్పై ఆరు ఫోటోలు. ఇరవై ఎనిమిదో దానిలో దుమ్ము కింద ఆ త్రిభుజం సన్నగా కనిపిస్తోంది. తారీఖు ఉంది, టైము ఉంది. ఆ రోజు రాజనర్సు రేవులోనే లేడు, వేరే సైటులో చెట్లు దించుతున్నాడు. ఆ కాగితమూ నా దగ్గరే ఉంది. రెండూ కలిపి ఇక్రాముద్దీన్‌కు, కన్సల్టెంటమ్మకు మెయిలు పెట్టాను. ఉద్యోగంలో చేరాక ఎవరూ అడగకుండా నేను పెట్టిన మొదటి మెయిలు అదే.

గంటలో ఆమె సైటుకొచ్చింది. రాయి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది, గీతల మీద వేలు పెట్టి నడిపింది. ఎంతో సంబరపడింది. ఆమె చెడ్డ మనిషి కాదు, అదే నా బాధ. చెడ్డదైతే తిట్టుకుని ఊరుకునేవాణ్ణి. ఇది చాలా పాతది, దీన్ని పాడుచేసింది మీ మనుషులు కాదు, ఆ కేసు తీసెయ్యండి అని ఇక్రాముద్దీన్‌తో తేల్చి చెప్పింది. అతను అక్కడే తలూపాడు. నాకు ఏనుగెక్కినంత సంబరమైంది.

తర్వాత నా వైపు తిరిగి, ఈ వెనకవైపే గేటుకు ఎదురుగా పెడదాం, కింద ఒక బోర్డు రాద్దాం అంది. ఏం రాయాలో కూడా చెప్పింది. 'ఇంగ్లీషు కొండల గొర్రెల కాపరులు శతాబ్దాల కిందట ఆడుకున్న ఆట.'

నేను చెప్పాను. అమ్మా, ఇది మా వైపు రాయి, కాగితాలు నా దగ్గరున్నాయి, మీ ఆటకు చదరాలుంటాయి, దీనికి త్రిభుజం, దీని పేరు పులి-మేక అని. ఆమె ఓపిగ్గా విన్నది. ఆసక్తిగా ఉంది అంది. కానీ ఇక్కడి కథంతా ఇంగ్లాండు కొండలది, మధ్యలో ఇండియా వస్తే జనం గందరగోళపడతారు, గీతలు లెక్కపెట్టేవాళ్ళెవరు అంది. మరీ ఇబ్బందైతే ఆ పైపొర మిషనుతో గీకించేద్దాం, మామూలు రాయిలా వాడుకుందాం అని కూడా అంది. ఆ మాట కూడా మంచిగానే అంది.

నేను కూర్చుని టైపు చేశాను. అవును, నేనే. గీకేస్తే ఆట పోతుంది, బోర్డు పెడితే ఆటైనా ఉంటుంది, పైగా రాజనర్సు కేసు పోయింది, ఇంకేం కావాలి అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను తొక్కాను, కడుక్కోకుండానే లోపలికొచ్చి కూర్చున్నాను.

సాయంత్రం క్యాంపు బస్సు దగ్గర రాజనర్సుకు శుభవార్తలాగే చెప్పాను. మీ పేరు మీద మచ్చ పోయింది, సంతకం అక్కర్లేదు అన్నాను. ఆయన రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. అప్పుడు బోర్డు సంగతి చెప్పాను. దండం పెట్టిన చేతులు కిందికి దిగాయి.

"ఇంగ్లీషు కాపర్లా? గదెవరు రాసిన్రు?"

"ఆవిడ చెప్పింది. టైపు చేసింది నేను."

"నిజం చెప్పలేదా సార్ మీరు?"

"చెప్పాను. అలాగైతే గీకించేస్తానంది."

ఆయన బస్సు మెట్టు మీది కాలు వెనక్కి తీసుకున్నాడు. తిడితే బాగుండేది. బస్సువాడు హారన్ కొట్టాడు, యల్లా యల్లా అని అరిచాడు. రాజనర్సు ఎక్కలేదు.

"గుట్ట తీస్కపోయిన్రు, ఊకున్న. నేనే డ్రిల్లు పట్టిన, ఎవ్వల్ని అనాలె. రాయి అమ్ముకున్నరు, ఊకున్న. గిప్పుడు మా నాయిన ఆడిన ఆట సుత వాళ్ళదేనా సార్? ఆ రాయి మా గుట్టదో, పక్కూరి గుట్టదో నాకెర్క లేదు. గీతలు మేకలు గాసినోనియి, అది మాత్రం ఎర్కే. దానికి దొంగపేరు పెడ్తమంటే నేను చూసుకుంట కూసోవాలెనా?"

"కూర్చోకపోతే ఏం చేస్తారు రాజనర్సు గారూ? చాలా పాతదని ఆవిడకు నచ్చేసింది, వాళ్ళ కథలో కలిపేసుకుంది."

"పాతది అయితెనే గదా వాళ్ళది అయ్యేది" అన్నాడు.

మర్నాడు ఆరున్నరకే ఆఫీసు ముందు నిలబడి ఉన్నాడు. ఇక్రాముద్దీన్ రాగానే లోపలికొచ్చి, ఆ కాగితం ఇయ్యండ్రి అన్నాడు. ఇక్రాముద్దీన్ నవ్వాడు.

"కేసు మాఫీ అయింది మియా. పో, డ్యూటీకి పో."

"నేనే చెక్కిన సాబ్."

ఇక్రాముద్దీన్ నావైపు చూశాడు. నేను గోడవైపు చూశాను.

"రేవుల ఫోటో ఉంది గదా? నువ్వు అప్పుడు ఆడ లేవు."

"రేవుల ఉన్నయి ఉత్త గీరుకపోయిన గీతలు. వాటిని చూసి నాకు మావోళ్ళ ఆట యాదికొచ్చింది. ఉలి పెట్టి లోతు చేసిన. నా ఆట, నేను చెక్కిన. రాసుకోండ్రి."

"రాజనర్సు, సమజ్ హై? గిప్పుడు మేడమ్ దాకా పోయింది, వార్నింగ్‌తోని పోదు. పోతవ్. మళ్ళ రానియ్యరు."

"సమజే సాబ్."

నన్నే నింపమన్నారు. పేరు రాశాను. చిరునామా దగ్గర అలవాటుగా క్యాంపు గది నంబరు రాయబోయాను. ఆయన నా చేతి మీద చెయ్యి వేశాడు.

"ఊరు పేరు రాయండ్రి సార్. రాజనర్సు, ఎర్రగుట్టపల్లి. తప్పు లేకుంట రాయండ్రి."

రాశాను. ఈ చెయ్యి లేవది అన్న చెయ్యి లేచి సంతకం పెట్టింది. తెలుగులోనే పెట్టాడు, ప్రతి అక్షరం విడివిడిగా, తొందర లేకుండా. ఇరవై రెండేళ్ళు ఒక్క మచ్చ లేకుండా కాపాడుకున్న ఫైల్లో ఆయనే అబద్ధం రాయించి పెట్టుకున్నాడు. నా దగ్గర నిజముంది, ఫోటోలో తారీఖుతో సహా ఉంది. లేచి అరవాలనిపించింది. ఏమని అరవను? నిజం చెబితే రాయి ఇంగ్లాండుది అవుతుంది. నోరు మూసుకుని కాగితానికి నంబరు వేశాను.

కన్సల్టెంటమ్మ చాలా నొచ్చుకుంది. తను మోసపోయానని అంది. కూలీవాడు మొన్న చెక్కిన గీతలకు ఆమె కథలో చోటు లేదు. గీకించి పెట్టడం కూడా వద్దంది, రాయిని డ్యామేజి సరుకులో రాసేశారు. దాని బదులు చైనా నుంచి వేరే రాయి వచ్చింది, వెనకవైపు కూడా నున్నగా ఉంది. నేను టైపు చేసిన బోర్డు అచ్చుకు పోలేదు. మిగిలిన పందొమ్మిదీ వీధుల్లో నిలబడి ఉన్నాయి. ఏ కొండ పేరు ఏ కాలపు జనం పెట్టారో చెబుతున్నాయి. కుక్కల్ని తిప్పేవాళ్ళు ఆ బోర్డులకే కుక్కల తాళ్ళు కట్టి ఫోన్లు మాట్లాడుకుంటున్నారు.

పనికిరాని రాయిని చెత్తలో పడేసే పని రాజనర్సుకే వచ్చింది, ఆయన ఆఖరి డ్యూటీ అది. ఆయన చెత్త కుప్పల దాకా పోలేదు. మెసయీద్‌లో క్యాంపు వెనక, నీళ్ళ ట్యాంకు నీడ పడే చోట ఇసుక చదును చేయించి, గీతలు పైకి వచ్చేలా దించాడట. ఎప్పటిలాగే చప్పుడు కాకుండా దించాడని సురేందర్ చెప్పాడు. ఆ వారంలోనే విమానం ఎక్కించేశారు. నేను ఎయిర్‌పోర్టుకు వెళ్ళలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను.

నెల తర్వాత ఒక శుక్రవారం క్యాంపుకు వెళ్ళాను. రాయి చుట్టూ పదిమంది ఉన్నారు. ఒవైస్ అనే పాకిస్తానీ డ్రైవరు మేకలు ఆడుతూ ఓడిపోతున్నాడు, నేపాలీలు అతనికి సలహాలు చెబుతున్నారు. ఇది ఎవరి ఆట అని నేను కావాలనే అడిగాను. ఒవైస్ తలెత్తకుండానే చెప్పాడు, "రాజనర్సు కా హై." అది చెక్కింది ఆయన కాదని అక్కడున్నవాళ్ళలో నాకూ సురేందర్‌కూ మాత్రమే తెలుసు. నేను నోరెత్తలేదు.

ఆట అయ్యాక సురేందర్ లేచి నాకు చోటిచ్చాడు. ఆఫీసు మనిషినని మర్యాద కాబోలు, మూడు నల్లరాళ్ళూ నావైపు జరిపి, "పులులు మీరు తీస్కోండ్రి సార్" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. పాపం ఆ కుర్రాడేం చేశాడు. మూడు రాళ్ళూ అతనివైపే తోసేసి, గింజలు నావైపు లాక్కున్నాను.